కృష్ణయ్య రౌడీషీటు

ఆ ఆదివారం హెడ్ కానిస్టేబుల్ వెస్లీ మంచి వార్తే మోసుకొచ్చాడు. దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనక గల్లీలో కృష్ణయ్య ఇంటి ముందు బండి ఆపి, లోపలికెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. రౌడీషీటర్ ఇంట్లో ఉన్నాడో లేడో చూసి, రిజిస్టర్లో సంతకం పెట్టించుకుని పోవడం పద్నాలుగేళ్లుగా అతని ఆదివారం డ్యూటీ.

"అన్నా, నీ షీటు మూసేస్తున్నరు. అరవై ఐదు దాటి, పదేండ్ల సంది కేసు లేనోళ్లవన్నీ తీసేయమన్నరు. ఇగ నీకు ఠాణాతోని పని లేదు."

మోకాళ్లకు నూనె రాసుకుంటున్న కృష్ణయ్య చెయ్యి ఆగిపోయింది. ఒకప్పుడు అతను వస్తున్నాడంటే మలక్‌పేట దాకా షట్టర్లు దిగేవి.

"వద్దు సార్. ఉంచుండ్రి."

"ఏంది ఉంచేది? రేషన్ కార్డా?"

"ఆదివారం ఆదివారం మీ బండి ఈడ నిలబడుతదని బహదూర్‌పురా ఆనందరావుకు ఎర్క. గందుకే వాని మనుషులు ఈ గల్లీల అడుగు పెట్టలె. మీరు రాకుంటే నా పని ఖతం."

ఇరవై ఏడేళ్ల కింద ఆనందరావు తమ్ముడు కృపాకర్‌ను మలక్‌పేటలో, రేస్‌కోర్సు గోడ పక్కన, ఎవరో పొడిచి చంపారు. ఆ ఎవరో ఎవరన్నది పోలీసులకు తెలుసు, ఊరికీ తెలుసు. కోర్టులో మాత్రం సాక్షులు ముగ్గురూ తామేమీ చూడలేదన్నారు. నిర్దోషిగా బయటికొచ్చిన కృష్ణయ్య, తాగి ఉన్నా, జ్వరంలో ఉన్నా, ఆ పని తనది కాదనే చెబుతూ వచ్చాడు.

"షీటు ఉండాల్నంటే అండ్ల రాయనీకి ఏమన్న ఉండాలె," అన్నాడు వెస్లీ. "నువ్వేం జేస్తున్నవ్? నూనె రాసుకుంటున్నవ్. అది రాయాల్నా?"

కృష్ణయ్య నూనె సీసాకు మూత పెట్టాడు.

"కృపాకర్‌ను నేనే పొడిచిన. రాసుకో."

వెస్లీకి పెన్ను తీయాలని కూడా తోచలేదు. గుమ్మంలో కృష్ణయ్య భార్య సక్కుబాయి చాయ్ కప్పులతో నిలబడి ఉంది. ఆమెను చూసి కృష్ణయ్య తల దించుకున్నాడు.

"నాకెర్కే," అందామె కప్పులు కింద పెడుతూ. "ఆనాడు అంగి ఉతికింది నేనే గదా. చాయ్ చల్లారుతది, తాగుండ్రి."

వెస్లీ తాగాడు. ఇంకేం చేయాలో తెలియలేదు.

సోమవారం ఇన్‌స్పెక్టర్ భాగ్యశ్రీ అంతా విన్నది. "కోర్టు వదిలేసిన కేసు మళ్లీ నడవదు. మన ముందు ఒప్పుకున్నది చెల్లదు. ప్రాణభయం ఉంటే కారణం రాసి పిటిషన్ ఇమ్మనండి," అంటూ షీటు మూసే ఫైలు మీద సంతకం పెట్టింది. ఆ పిటిషన్‌లో కారణం ఏమని రాయాలో కృష్ణయ్యకు తోచలేదు.

తర్వాతి ఆదివారం వెస్లీ వెళ్లలేదు. కృష్ణయ్య తలుపుకు గడియ పెట్టాడు, కిటికీలు మూశాడు, ఫ్యాను చప్పుడుకు కూడా ఉలిక్కిపడసాగాడు. పన్నెండో రోజు పొద్దున వెస్లీకి ఫోనొచ్చింది. సక్కుబాయి.

"సార్, ఆటోల ఉన్నం. ఆనందరావు ఇంటికి పోతున్నం. రోజు భయపడి సచ్చుడు కంటే ఈయన వానికే చెప్పొస్తడట."

"నేననలె! ఇదే గుంజుకపోతున్నది!" వెనక నుంచి కృష్ణయ్య గొంతు.

వెస్లీ బండి తీశాడు. అతను చేరేసరికి చెప్పాల్సింది చెప్పడం అయిపోయింది. ఆనందరావు వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో, చేతికర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని మనుషులిద్దరు గోడకానుకుని చూస్తున్నారు.

"పోయేటప్పుడు మా తమ్ముడు ఏమన్న అన్నడా?" అడిగాడు ఆనందరావు.

"నీళ్లడిగిండు."

"ఇచ్చినవా?"

"లే."

ఆనందరావు మెల్లగా లేచాడు. ముందుకొచ్చిన తన మనుషులను చేత్తో ఆపి, కర్రతో కృష్ణయ్య భుజం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడైంది. అప్పుడు వెస్లీ అడ్డం పోయాడు. మొదటి దెబ్బకే అడ్డం పోగలిగేవాణ్నని అతనికి తెలుసు.

అడ్డం పోకపోయినా మూడో దెబ్బ పడేది కాదు. ఆనందరావు కుర్చీలో కూలబడ్డాడు. ఆయాసం తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"ఒక్కపారి ఈని నోటితోని నిజం వినాలని మా అమ్మ సచ్చేదాక ఎదురుచూసింది," అన్నాడు సక్కుబాయితో. "తీస్కపో ఈన్ని."

దవాఖానలో డాక్టరు ఏమైందని అడిగాడు.

"బాత్రూంల జారిండు," అంది సక్కుబాయి. పక్కన యూనిఫారంలో ఉన్న వెస్లీ గోడ మీది గడియారం చూస్తూ ఉండిపోయాడు.

కట్టు కట్టించుకుని బయట బెంచీ మీద కూర్చున్నాక కృష్ణయ్య భార్యను అడిగాడు. "ఇన్నేండ్లు తెల్సి ఒక్కనాడన్న ఎందుకు అడగలె?"

"అడిగితే కాదంటవు. అది గూడ నమ్మినట్టు చేయాలె. అంగి ఉతుకుడే మస్తయింది నాకు."

వెస్లీ ఆటో పిలవడానికి లేచాడు.