అమ్మ గొంతు కొలతలు

"చారులో ఉప్పు తగ్గింది" అన్నాడు తకెహికొ. గిన్నె పక్కకి జరిపి, చిన్న టేపు యంత్రం ఒకటి బల్ల మీద పెట్టాడు. "సరేలే, ఆ పని ఆపి ఇలా వచ్చి ఇది విను."

చిగుసా ముల్లంగి తరుగుతోంది. ఆదివారం మధ్యాహ్నం. అత్తగారికి ముల్లంగి దారాల్లా సన్నగా తరగాలి, లేకపోతే పళ్ళ సందుల్లో ఇరుక్కుంటుందంటుంది. సగం తరిగిన దుంప అక్కడే వదిలి, చేతులు తుడుచుకుని వచ్చి కూర్చుంది.

తకెహికొ కవాసాకీలో టెలిఫోన్ల కంపెనీలో పరిశోధకుడు. చేత్తో పట్టుకుని నడుస్తూ మాట్లాడుకునే ఫోను కోసం వాళ్ళ విభాగం కొన్నేళ్ళుగా కిందా మీదా పడుతోంది. ఆ ఫోను గొంతును గొంతుగా పంపదు. గాలిలో అందరి గొంతులకూ చోటు చాలదు. అందుకని గొంతు కొలతలు తీసి, అంకెలు చేసి పంపుతుంది. అవతలి ఫోను ఆ కొలతలు చూసుకుని గొంతును మళ్ళీ కుడుతుంది. మనిషి వెళ్ళకుండా కొలతలు మాత్రం పంపి పక్క ఊళ్ళో చొక్కా కుట్టించుకున్నట్టు. ఇదంతా చిగుసాకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ కొలతలు తీసే లెక్క మొదట్లో రాసినవాళ్ళలో ఆమె కూడా ఉంది.

సెందాయ్‌లో లెక్కలు చదివి ఆ కంపెనీలోనే చేరింది. పొద్దున్నే అందరికంటే ముందు వెళ్ళి, బల్లలు తుడిచి, ఎవరి కప్పులో వాళ్ళకి టీ పోసి, ఆ తర్వాత లెక్కలకి కూర్చునేది. ఎవరి కప్పు ఏదో మరిచిపోతే తప్పు. లెక్క తప్పినా ఫరవాలేదు, పక్కన కూర్చున్న మగవాడు దిద్దుతాడు. తకెహికొతో పెళ్ళి కుదిరిందని తెలిసిన వారమే అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టి, చేతికి పెద్ద పూలగుత్తి ఇచ్చారు. అంటే ఇక రానక్కర్లేదని. ఉద్యోగం మానమని ఆమెతో ఎవరూ అనలేదు. అక్కడ అలా అనరు. పూలు ఇస్తారు. విభాగాధిపతి ఇవామురా గారు, "మావాణ్ణి బాగా చూసుకోమ్మా. వాడి బుర్ర ఇక నీ వంట మీద నడవాలి" అన్నాడు. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పూలు రైల్లో నలగకుండా నిలబడే ఇంటికి తెచ్చింది కూడా. తర్వాత ఎన్నోసార్లు అనుకుంది, వాటిని ఎందుకంత జాగ్రత్తగా తెచ్చానా అని.

పెళ్ళయ్యాక ఆదివారాలు తకెహికొ టేపులు తెచ్చి వినిపించడం మొదలుపెట్టాడు. "ఎలా ఉంది" అనేవాడు. "'స' పలికే దగ్గర చిల్లు పడుతోంది" అనేది. సోమవారం ఆయన వెళ్ళి ఆ చిల్లు పూడ్చేవాడు. మొదట్లో అదొక సరసంలా ఉండేది. పోనుపోను వారం మొత్తంలో ఆమె ఎదురుచూసేది అదొక్కటే అయింది. బట్టలు ఆరేస్తున్నా, అత్తగారి కాళ్ళు పడుతున్నా, లోపల ఒక మూల ఆ గొంతులు నలుగుతూనే ఉండేవి. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏమని చెబుతుంది, గృహిణికి అంకెల మీద మనసు పోతోందనా.

మొన్నొక ఆదివారం అడిగింది. "అన్నీ మగ గొంతులేనండీ. ఆడవాళ్ళవి ఏవీ?"

"మూడింటికి చేస్తాం రికార్డింగు. ఆ టైముకి వాళ్ళు టీ గదిలో అందరికీ టీ కాస్తుంటారు. పని మాన్పించి పిలుస్తామా?"

"మగవాళ్ళ కొలతలతో కుడితే ఆడవాళ్ళకి ఎలా సరిపోతుంది? మొన్న ఒక్కసారి మీరు వినిపించిన ఆ టెలిఫోన్ ఆపరేటరమ్మాయి మాట పగిలిన కుండలా ఉంది."

"ఆడవాళ్ళ గొంతు ఫోనులో ఎప్పుడూ అంతే. అయినా ఈ ఫోను కొనేది మగవాళ్ళు."

పక్క గదిలోంచి అత్తగారు అందుకుంది. "ఆడది వీధిలో నడుస్తూ ఏం మాట్లాడుతుందే అమ్మాయ్. పిచ్చెక్కిందనుకుంటారు."

ఇవాళ ఆయన మీట నొక్కగానే చిగుసా చెవుల్లో మాట పలికింది.

"చిగుసా. మంచు కురస్తంది. నువ్వు తిన్నావేటి? ఏం నేదు, ఊరికే సేసాను. ఉంటాన్మరి."

వాళ్ళ అమ్మ. అకితాలో, మంచు ఇంటి చూరు దాకా పేరుకునే పల్లెలో ఉండేది. పోయిన ఫిబ్రవరిలో పోయింది. ఫోనుకి ఎవరూ పలకనప్పుడు మాట పట్టి ఉంచే యంత్రం ఇక్కడ వీళ్ళింట్లో ఉంది. దానితో ఎలా మాట్లాడాలో ఆవిడకి ఎప్పుడూ తెలియలేదు, జవాబు కోసం ఆగి ఆగి మాట్లాడేది. ఆ మాట మిగిలిన టేపును చిగుసా తీసి దుస్తుల బీరువాలో, చలికాలం కిమోనోల మీద కట్టుకునే నడికట్లు, ఓబీల కింద దాచుకుంది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఫోను వస్తే అత్తగారు, "మీ అమ్మ గేదెల్ని తోలినట్టు మాట్లాడుతుందేమే" అనేది. చిగుసా తన యాసను కంపెనీలో చేరిన మొదటి నెలలోనే కడిగేసుకుంది. అమ్మ ఫోను చేస్తే మటుకు తలుపు వేసుకుని, గొంతు తగ్గించి, ఆ యాసలోనే మాట్లాడేది.

"ఆడ గొంతు కావాలన్నావుగా" అన్నాడు తకెహికొ. "ఇంట్లోనే ఉందని గుర్తొచ్చింది. యంత్రంలో వేసి తీశాం."

"నన్నొక మాట అడగొచ్చుగా."

"అడిగితే ఏడుస్తావని."

ఆమె ఏడవలేదు. దానికే తర్వాత సిగ్గుపడింది. అమ్మ మాట కింద ఎవరో ముసలి మగవాడు గురకపెడుతున్నట్టు ఒక బొంగురు ఉంది. అమ్మ కాదది. అమ్మ చొక్కా తొడుక్కున్న ఎవరో. గుండె అక్కడే ఆగిపోవలసింది. ఆగలేదు, చెవి దాని పని అది మొదలుపెట్టింది. ఇంకోసారి పెట్టమంది. ఇంకోసారి. "తిన్నావేటి" దగ్గర బొంగురు ఎక్కువ, "ఉంటాన్మరి" దగ్గర తక్కువ. చచ్చిపోయిన తల్లి పలకరిస్తుంటే కూతురు ఆ పలకరింపులో తప్పులు వెతుకుతోంది. అలా వెతుకుతున్నంతసేపూ, చెప్పుకోకూడదు గానీ, ఆమెకు హాయిగా ఉంది. ఈ ఇంట్లో ఆమె తనలా ఉండేది ఆ కాసేపే.

"గొంతు వేసే రెండు అడుగుల్ని మీ యంత్రం ఒకటిగా లెక్కపెడుతోందండీ" అంది చివరికి. "మగ గొంతు నిదానంగా కొట్టుకుంటుంది. ఆడ గొంతు వడివడిగా కొట్టుకుంటుంది, దాని అడుగు చిన్నది. మీరు వెతికే హద్దుల్లో అంత చిన్న అడుగు లేదు. అందుకని రెండింటిని కలిపి ఒక పెద్ద అడుగు అనుకుంటోంది. ఆ బొంగురు అదే."

తకెహికొ యంత్రం ఆపేశాడు. "హద్దు తగ్గించి చూశాం. అప్పుడు గరగరమంటోంది."

"అంటుంది. మీ స్కేలు మీద గీతలు దూరం దూరంగా ఉన్నాయి. అడుగు రెండు గీతల మధ్య పడితే, దాన్ని ఏదో ఒక గీత మీదికి నెట్టేస్తున్నారు. పెద్ద అడుగైతే ఆ తేడా తెలియదు. చిన్నదానికి తెలుస్తుంది. గీతకీ గీతకీ మధ్య కూడా వెతకండి."

ఆయన చాలాసేపు ఆమెకేసి చూశాడు. పెళ్ళికి ముందు కంపెనీలో అలా చూసేవాడు. ఆ చూపు చల్లారకముందే ఆమె అడిగేసింది. జీవితంలో ఆయన్ని ఏదైనా అడిగిందంటే అదే.

"ఇది కుదిరితే పైవాళ్ళ ముందు నా పేరు చెప్పండి. కాయితాల మీద వద్దు. నేను ఉద్యోగిని కానుగా, రాయరని తెలుసు. ఒక్కసారి నోటితో అంటే చాలు, దీన్ని చిగుసా పట్టుకుందని."

"దానికేముంది, చెబుతాను" అన్నాడు. అని, మళ్ళీ చారు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

కుదిరింది. వేసవి దాటేసరికి పరీక్షలన్నీ గట్టెక్కాయి. ఆడవాళ్ళ మాట ఆడవాళ్ళ మాటలా వినిపించే మొదటి యంత్రం తమదేనని కంపెనీ చెప్పుకుంది. అక్టోబరులో యొకొహామాలో ఒక హోటల్లో అభినందన సభ పెట్టారు. సంబంధించినవాళ్ళు భార్యలతో రావాలన్నారు.

అత్తగారే నడుముకి ఓబీ కట్టింది.

"అంత బిగించకండి అత్తయ్యా, ఊపిరాడటం లేదు."

"ఊపిరెందుకే అక్కడ. నువ్వేమన్నా ఉపన్యాసం ఇస్తావా? బిగిస్తే వెనక కూర్చున్నా నిటారుగా కనిపిస్తావు."

భార్యల బల్ల వెనకే ఉంది. చిగుసా అందరికీ తలవంచి నమస్కరించి కూర్చుంది. తకెహికొ వేదిక ఎక్కాడు. ఆమె మోకాళ్ళ మీద రెండు చేతులూ ఒకదానిలో ఒకటి బిగించి పెట్టుకుంది. ఆయన ఇవామురా గారి పేరు చెప్పాడు. తన కింద పనిచేసిన ఇద్దరు కుర్రవాళ్ళ పేర్లు చెప్పాడు. చిప్పు చేసి ఇచ్చిన కర్మాగారం వాళ్ళ పేర్లు చెప్పాడు. ఇక ఇప్పుడు, అనుకుంది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"చివరగా నా భార్య. రాత్రింబవళ్ళు నేను ఈ పనిలో ఉంటే, ఇంట్లో ఏ లోటూ రానివ్వలేదు. వేళకి ఇంత వేడివేడిగా పెట్టింది."

అందరూ వెనక్కి తిరిగి చప్పట్లు కొట్టారు. చిగుసా లేచి తలవంచింది. వంచిన తల ఎత్తడానికి కాస్త ఆలస్యమైంది. ఓబీ బిగువనుకున్నారు పక్కవాళ్ళు.

ఆమె ఇంకా కూర్చోకముందే దీపాలు తగ్గాయి. "ఇప్పుడు వినండి" అన్నాడు ఇవామురా గారు. "అకితా నుంచి ఒక పల్లెటూరి ముసలావిడ."

హాలు నాలుగు మూలల నుంచీ అమ్మ పలికింది. "చిగుసా" అన్న ముక్క కత్తిరించేశారు. "మంచు కురస్తంది. నువ్వు తిన్నావేటి?"

ఈసారి బొంగురు లేదు. అచ్చంగా అమ్మే. పంటి సందులోంచి గాలి తప్పిపోవడంతో సహా. చిగుసా తనే బాగుచేసింది దాన్ని. అంత బాగుచేసింది కనకనే ఆ యాస ప్రతి ముక్కా అందరికీ అర్థమైంది. హాలంతా నవ్వారు. చెడ్డ నవ్వేమీ కాదు. చంటిపిల్లల మాటలకి నవ్వినట్టు నవ్వారు.

"ఏం నేదు, ఊరికే సేసాను" అంది అమ్మ. మళ్ళీ నవ్వారు. పక్కావిడ మోచేత్తో పొడిచి, "ఎక్కడ దొరికిందో ఈవిడ, తమాషాగా ఉంది కదండీ" అంది. చిగుసా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తను కూడా నవ్వుతోందనుకుంది పక్కావిడ.

"ఇకమీద మా ఫోన్లన్నిటినీ ఈవిడ గొంతుతోనే పరీక్షిస్తాం" అన్నాడు ఇవామురా గారు.

తర్వాత అందరూ లేచి, చేతుల్లో గ్లాసులతో తిరుగుతున్నారు. చిగుసా వచ్చి తకెహికొ పక్కన, ఒక అడుగు వెనక్కి నిలబడింది. ఇవామురా గారు ఎర్రబడిన మొహంతో వచ్చాడు, వెంట ఇద్దరు డైరెక్టర్లు.

"అంతా బాగుందయ్యా" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "ఒక్కటే చిక్కు. మొన్న మా ఇంటికి చేసి చూశాను. నేను మాట ఆపగానే లైను సమాధిలా అయిపోతోందట. మా ఆవిడ కట్ అయిపోయిందనుకుని పెట్టేసింది. రెండుసార్లు. ఏమిటది?"

"మాట లేనప్పుడు పంపడం ఆపేస్తాం సార్. బ్యాటరీ ఆదా."

"ఆదా సరే. మనిషి ఉన్నాడో పోయాడో తెలియకపోతే ఎలా? ఏం చేస్తావు?"

తకెహికొ అంతమంది ముందు, తనకు తెలియకుండానే వెనక్కి తిరిగి చిగుసాకేసి చూశాడు. ఆదివారాలు బల్ల దగ్గర చూసే చూపే అది. ఇవామురా గారు కూడా ఆ చూపు వెంటే ఆమె వైపు తిరిగాడు. డైరెక్టర్లూ తిరిగారు.

చిగుసాకి తెలుసు. ప్రశ్న పూర్తికాకముందే తెలుసు. అమ్మ మాట ఆపినప్పుడు కూడా అమ్మ ఉండేది. కిరసనాయిలు పొయ్యి మీద కెటిల్ సన్నగా కూసేది, ఎక్కడో తలుపు కిర్రుమనేది. ఏ రెండు మాటల మధ్యా లైను ఎప్పుడూ ఖాళీగా లేదు. ఆ చప్పుడుకీ కొలతలు తీయొచ్చు, అప్పుడప్పుడు ఒక్కసారి పంపితే చాలు, అవతలి ఫోను అలాంటి రొదనే తనంతట తను పుట్టిస్తుంది. బ్యాటరీ ఖర్చు దాదాపు ఉండదు. అంతా ఆమె నాలిక చివరన ఉంది, చక్కగా, ఎక్కడా మచ్చ లేకుండా. ఇంత మంచి ఆలోచన తనకు ఎన్నడూ రాలేదు. ఇది చెబితే వచ్చే ఆదివారం ఉంటుంది, ఆపై ఆదివారమూ ఉంటుంది. చెప్పకపోతే ఆ బల్ల దగ్గర ఇక ముల్లంగి ఒక్కటే మిగులుతుంది. అదీ తెలుసు.

"వేళకి వేడివేడిగా పెట్టే మనిషినండి" అంది తలవంచి, మెత్తగా. "ఇవన్నీ నాకేం తెలుస్తాయి."

ఇవామురా గారు పెద్దగా నవ్వాడు. డైరెక్టర్లు నవ్వారు. తకెహికొ ఒక్కడే నవ్వలేదు.