గాలి విమానం

బాలనర్సింహ పొద్దుగాల్నే కార్ఖానా తలుపులు తీసి, ఊడ్చి, కట్టె గీసే రంద నూరుకొని, సేటు వచ్చేసరికి సగం కుర్చీ బిగిస్తుండె. ఇరవై ఏండ్ల సంది ఇదే కథ. పని ఆయనది, పేరు సేటు రామ్‌చందర్‌ది. జహనుమ బస్తీల అందరికీ ఎరుకే. బాలనర్సింహ మాత్రం నోరు తెరవకపోతుండె. కుక్కను గూడ ‘పో తల్లీ’ అని అదిలించే మనిషి! గిసొంటోనితోటి ఎట్ల ఏగుడని భార్య సత్తెమ్మ తల కొట్టుకుంటుండె.

జర్మనోనితోటి జంగు నడుస్తున్న దినాలల్ల బేగంపేట విమానాల అడ్డ నుంచి వచ్చిన ఒక దొర మోటరు దిగి, సేటుకు ఒక బొమ్మ చూపెట్టిండు. ఇరవై ఏండ్ల కిందటి, ఇంజన్ లేని విమానం.

“దీని నమూనా కట్టెతోటి చెయ్యాలె, అది ఎగరాలె. చేసినోన్ని మా దగ్గర మేస్త్రీగ పెట్టుకుంట” అన్నడు దొర.

“నేనే చేస్త హుజూర్” అని సేటు వంగి సలాం కొట్టిండు.

ఆ నౌకరీ మీద బాలనర్సింహకు ఆశ పుట్టింది. పుట్టదా మరి? బొమ్మలు చేసే తేలిక పొనికి కట్టె తెచ్చి, రెక్కలకు ఎముకల లెక్క పద్దెనిమిది పుల్లలు కోసి, చింతగింజల జిగురుతోటి అతికిచ్చిండు. పక్క దుకాణంల పతంగులు చేసే కరీం పల్చటి కాగితం ఇచ్చిండు. అది అంటిచ్చి, నీళ్లు చల్లి ఎండబెడితే డప్పు లెక్క బిగుసుకున్నది. బరువు సరిపోయేటట్టు ముక్కుల ఇంత సీసం పోసిండు. నెల పట్టింది.

తీరా మైదానంల ఇడిస్తే రాయి లెక్క పడ్డది. పదిసార్లు ఇడిస్తే పదిసార్లూ గంతే.

“ఏమైంది బాలన్నా?” అన్నడు కరీం. ఇంట్ల ఉర్దూ, తెలుగు అంగట్ల నేర్చుకున్నదే.

“దీనికి ఇంజన్ లేదు భాయ్. గాలి కావాలె. గాలి లేంది లేవదు.”

కరీం భాషల గాలీ అంటే తిట్టు. “అరె, గాలీ హోనా? గింత దానికి ఫికర్ ఏంది?” అని లుంగీ ఎగ్గట్టి, విమానం ముందట నిలవడి అందుకున్నడు. “అబే నిక్కమ్మే! బేవకూఫ్! లేస్తవా లేవవా, బాడ్కావ్!”

విమానం లేచింది. తాటిచెట్టంత ఎత్తుల రెండు చుట్లు తిరిగి, తిట్లు అయిపోయినంక మెల్లగ దిగింది.

“గాలి తక్కువైంది, గంతే” అన్నడు కరీం. ఔనన్నడు బాలనర్సింహ.

ఇగ పాలమ్మే బుచ్చమ్మ వస్తూ పోతూ రెండు తిట్లు తిట్టి, దాన్ని ఒక చుట్టు తిప్పి పోతుండె. బాలనర్సింహకే నోరు రాకపోతుండె. “నా చేతులతోటి చేసినదాన్ని ఎట్ల తిట్టాలె?” అనేటోడు.

దొర వచ్చిన పొద్దు మైదానమంత జనం. ఎంత తిడితే అంత లేస్తదని సేటుకు తెల్సు. కానీ దొరకు తెలుగు, ఉర్దూ రెండూ బాగొచ్చు, ఆయన ముందట తిట్టుడెట్ల? చెమటలు కక్కుకుంట “తష్రీఫ్ ఉఠాయియే, మెహర్బానీ” అనుకుంట విమానాన్ని జర లెవ్వమని బతిమాలి ఇడిసిండు. అది ముక్కు మన్నుల గుచ్చుకొని పడ్డది. దొర మోటరు దిక్కు మర్రిండు.

“ఈ కూలోడే ఖరాబు చేసిండు హుజూర్!” అని సేటు బాలనర్సింహ మీద వేలు చూపెట్టిండు. “వీనికి పని రాదు. వీనికి ఎన్నడూ పని రాలే!”

బాలనర్సింహకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. సేటు దిక్కు తిరిగిండు.

“నీ నోట్ల మన్నువడ! దొంగ నా కొడకా! నీ చేతులిరగ!”

తిట్టింది సేటును. విమానం తన్నే అనుకున్నది. మన్నుల నుంచి జర్రున లేచింది. ఆయన తిడుతనే ఉన్నడు, అది ఎక్కుతనే ఉన్నది. కుర్చీకో తిట్టు, మంచానికో తిట్టు, ఇరవై ఏండ్లవి! ఫలక్‌నుమా గుట్ట దాటి చుక్కంతైంది. ‘అయ్యో, ఇన్ని యాడ దాచిపెట్టినవయ్యా’ అనుకుంట సత్తెమ్మ నోటికి కొంగడ్డం పెట్టుకున్నది.

దొర టోపీ తీసి పైకి చూసిండు. “ఇది చేసిందెవరు?” అన్నడు.

సేటు నోరు తెరిచేలోపు బాలనర్సింహ ముందటికొచ్చిండు.

“నేను.”

దొర నోటుబుక్కు తీసి పేరు అడిగిండు. బాలనర్సింహ రెండుసార్లు చెప్పిండు, రెండోసారి ఇంకింత గట్టిగ.