వరండాకి జాలీ

ఆకుపచ్చ దోమల జాలీ అయితే లోపల కూర్చున్నవాళ్ళ మొహాలు జ్వరపడి లేచినట్టు కనిపిస్తాయి, నల్లదే నయం, నల్ల జాలీ కొన్నాళ్ళకి కంటికి ఆనదు, బయటి చెట్లూ రోడ్డూ మాత్రమే మిగులుతాయి, తను చెప్పినట్టే అయింది చూశారా, అని ఆవిడ ఎవరితోనో అన్నట్టుగా అనుకుంది, స్టవ్ మీద టీ పొంగుకొస్తోంది, ముందు వరండాలో మేస్త్రీ డ్రిల్లింగు మిషను గోడని కొరుకుతోంది, హాలు గచ్చంతా సన్నటి రంపపు పొట్టు, ఎవరితో అంటుంది గనక, ఆయనతో అనే వీలే ఉంటే మేస్త్రీతో ఎందుకు చెప్పిస్తుంది, నల్లది తెమ్మని సార్‌కి చెప్పు మేస్త్రీ అని తను హాల్లోంచి అంటే, మేస్త్రీ గుమ్మం దాటి, సార్ అమ్మగారు నల్లది తెమ్మంటున్నారు అంటే, ఆ గుమ్మం పక్కనే కుర్చీలో కూర్చుని ఆ మాట ముందే శుభ్రంగా విన్న మొగుడు, మేస్త్రీ నోటంట మళ్ళీ వచ్చేదాకా ఆగి, అప్పుడు తలెత్తి, సరే నల్లదే తెస్తానని చెప్పు అన్నాడు, మొదటిరోజు మేస్త్రీ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి ఇదేదో తమాషా అనుకున్నాడు పాపం, తర్వాత అలవాటు పడ్డాడు, ఈ ఇంట్లో అడుగుపెట్టినవాళ్ళు ఎవరైనా అలవాటు పడాల్సిందే, పాలవాడు, పనిమనిషి, గ్యాస్ బండ తెచ్చేవాడు, ఎవరు దొరికితే వాళ్ళే రాయబారులు, ఎవరూ దొరక్కపోతే గోడలున్నాయి, బీపీ మాత్రలు అయిపోయాయి అని ఆయన గోడకి చెబుతాడు, తెచ్చి బల్ల మీదే పెట్టాం అని ఆవిడ ఫ్యానుకి చెబుతుంది, ఇలా పదేళ్ళు దాటింది.

పదేళ్ళంటే మాటలా, మాటలు కాదు కాబట్టే పదేళ్ళు, అప్పట్లో ఆవిడ లెక్కల టీచరు, పక్క ఊరి హైస్కూలుకి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది, ఆ కాగితం చేతిలో పట్టుకుని ఇంటికొచ్చినప్పుడు కాళ్ళు నేల మీద లేవు, మొగుడు సర్వేయరు, ఊళ్ళో వాళ్ళ పొలాల గట్లన్నీ కొలిచే మనిషి, ఇంట్లో పెళ్ళాంతో ఒక్కమాట అనకుండా ఇస్త్రీ చొక్కా వేసుకుని విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళి, మా ఆవిడ రాదండీ, ఇల్లు వదిలి ఉండలేదు, ఇంకెవరికైనా ఇచ్చుకోండి అని చెప్పొచ్చాడు, సాయంత్రం కాళ్ళు కడుక్కుంటూ, అదేదో కరెంటు బిల్లు కట్టొచ్చినట్టు, చెప్పేశాన్లే, నీకసలే మొహమాటం, నువ్వు చెప్పలేవు అన్నాడు, ఒళ్ళు మండిపోయింది, కానీ అరవలేదు, అరిచి ఉంటే ఆ రాత్రికి ఆ గొడవ తీరిపోయేదేమో, నా తరఫున మాట్లాడ్డానికి మీరుండగా నాకింక మాటలెందుకు అంది, అంతే, అదే ఆఖరు, ఆయనైనా ఒకసారి, తప్పయిందని కాదు, అంత ఆశ లేదు, కనీసం ఏమోయ్ అని పిలిచి ఉంటే పలికేదే, పలికేదా, ఏమో, ఆయన పిలవలేదు, ఆయన పౌరుషం ఆయనది, ఉన్నన్నాళ్ళూ కూతురు టపా మోసింది, నాన్నా అమ్మ భోజనానికి రమ్మంటోంది, అమ్మా నాన్న చొక్కా ఏదంటున్నాడు, ఉద్యోగం వచ్చి వెళ్ళేరోజు గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి, ఇంక మీ టపా మీరే మోసుకోండి, నా వల్ల కాదు బాబూ అని నవ్వబోయి ఏడ్చింది, ఇద్దరూ విన్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అలాంటి మొగుడు, కిందటి నెల తను ఫోనులో కూతురితో, సాయంత్రంపూట వరండాలో కూర్చుందామంటే దోమలు పీక్కుతింటున్నాయే, జాలీ కొట్టిస్తే హాయిగా ఉండును అని ఏదో మాటవరసకి అంటే, ఆ వారమే మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చి టేపు లాగి, మా ఇంట్లో జాలీ కావాలంటున్నారయ్యా అన్నాడు, మా ఇంట్లో అంటే తనే కదా, ఈ ఇంట్లో ఇంకెవరున్నారు, వంటింట్లో గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది, విన్నాడన్నమాట, తన మాట ఆయన చెవిన పడుతూనే ఉందన్నమాట, ఈ వయసులో సిగ్గులేకపోతే సరి అనుకుంటూనే ఆ సాయంత్రం తల రెండుసార్లు దువ్వుకుంది, ఆపైన రోజూ పండగే, ఎందుకంటే రోజూ ఒక ప్రశ్న వచ్చేది, అమ్మగారూ వరండాలో ప్లగ్గు పెట్టించనా అని సార్ అడగమన్నారు, సరేనను, ఫ్యాను పెట్టుకుంటే ఇద్దరికీ గాలి, అమ్మగారూ ఆ చివర ఇంకాస్త పెంచితే మంచం పడుతుందంటున్నారు సార్, సరేనను, మధ్యాహ్నం పూట నడుం వాల్చుకోవచ్చు, మందులు పెట్టుకోడానికి గోడకి చిన్న అలమర, సరేనను, మాటిమాటికీ హాల్లోకి లేవక్కర్లేదు, పక్క సందులోకి ఇంకో తలుపు, బయటి బాత్రూంకి దగ్గరవుతుందట, పాపం ఆయనకి మోకాళ్ళ నొప్పులు, సరేనను, తెరలు, సరేనను, ఎవరైనా వింటే నవ్విపోదురు గానీ ఆ ప్రశ్నల కోసం పొద్దున్నే తలుపు దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేది, ఏదీ వద్దంటే ఎక్కడ అడగడం మానేస్తాడోనని భయం, నువ్వేమంటావని ఆయన తనని ఎప్పుడడిగాడు, పెళ్ళిచూపుల్లో కూడా అడగలేదు, అడక్క అడక్క ఇప్పుడు అడుగుతున్నాడు, మేస్త్రీ నోటితో అయితేనేం, ఆ ప్రశ్న ఆయనదే కదా, తనూ ఒకసారి తెగించి, రెండు పేము కుర్చీలూ మధ్యలో టీపాయీ పడతాయేమో సార్‌ని అడుగు మేస్త్రీ అంది, మేస్త్రీ వెళ్ళొచ్చి, కుర్చీల సంగతి తర్వాత చూద్దామన్నారమ్మా అన్నాడు, తర్వాత అన్నాడంటే వద్దనలేదుగా అనుకుని దానికీ మురిసిపోయింది, మురిసి మురిసి పప్పులో కాలేసింది.

టీ వడకట్టింది, రెండు గ్లాసులు, మేస్త్రీకొకటి, ఇంకోటి మేస్త్రీ చేతే ఆయనకి పంపడానికి, ఇవాళ్టితో పని అయిపోతుందని మేస్త్రీ పొద్దున్నే అన్నాడు, రేపట్నుంచి రాడు, రేపట్నుంచి ఎవరితో, అదే కొంచెం గుబులుగా ఉంది, అయినా ఇన్నాళ్ళు అడిగినవాడు రేపు ఆ జాలీ లోపల కూర్చున్నాక గోడని అడుగుతాడా, తననే అడుగుతాడు, లైటు వెయ్యనా అంటాడు, ఆ మాత్రం చాలు, తను వేస్తాన్లెండి అంటుంది, అలా ఎలా అనాలో మనసులో అనుకుని చూసుకుంది కూడా, లెండి మీద మరీ నొక్కకూడదు, మామూలుగా ఉండాలి, నిన్నే మాట్లాడుకున్నట్టు ఉండాలి, ఇంతలో మేస్త్రీ చేతులు దులుపుకుంటూ వచ్చి గ్లాసులు అందుకుని, రేపట్నుంచి మీకీ టీల పని కూడా తప్పుతుందిలెండి అమ్మగారూ, సార్ అక్కడికే చిన్న కరెంటు పొయ్యి తెచ్చుకున్నారుగా, అన్నాడు, పొయ్యేమిటి, ఎందుకూ, అని తను అనేలోపే, ఇంకొక్కటి అడగమన్నారమ్మా, హాలుకీ వరండాకీ మధ్య ఈ తలుపుంది చూడండి, దీనికి గడియ ఇటువైపుంది కదా, దాన్నిటు తీసేసి అటు, సార్ వైపు బిగించమంటున్నారు, అమ్మగారు సరేనంటేనే బిగించు, లేకపోతే వద్దు అని మరీ మరీ చెప్పారు, ఏమంటారు.

ఏమంటుంది, మేస్త్రీ భుజం మీదుగా వరండా అంతా కనిపిస్తోంది, ఇన్నాళ్ళూ ముక్కముక్కగా చూసింది ఇప్పుడు ఒక్కసారిగా కనిపిస్తోంది, మంచానికి చోటు, మంచం పక్క ప్లగ్గు, చేతికందేలా మందుల అలమర, పొయ్యి, తెరలు, సందులోకి దారి, బాత్రూంకి దారి, ఈ ఇంట్లోకి రానక్కర్లేని ఒక ఇల్లు, ముప్పై ఏళ్ళు పిల్లలకి కూడికలు నేర్పిన టీచరుకి ఈ నాలుగు కలిపితే ఎంతో తేలలేదు, ఛీ, దోమలట, జాలీ అట, ఆయన అక్కడే ఉన్నాడు, కుర్చీలో, ఇటు వీపు పెట్టుకుని, అంతా వింటూనే ఉన్నాడు, మెడ కాస్త వంచి జవాబు కోసం చూస్తున్నాడు, వెళ్ళి ఆ భుజం పట్టుకుని ఇటు తిప్పి, నాతో ఒక్కమాట అనకుండా ఇంత పని చేస్తారా అని అడిగెయ్యాలి, ఊరంతా వినేలా అడిగెయ్యాలి, పదేళ్ళది కూడా కలిపి, ఆ మాట గొంతుదాకా వచ్చింది, నాతో ఒక్కమాట అనకుండా, అక్కడే ఆగిపోయింది, అమ్మగారూ ఏం చెప్పమంటారు అని మేస్త్రీ మళ్ళీ అడుగుతున్నాడు, టీలు చల్లారిపోతున్నాయి, అనకుండా ఏం చేశాడు, ప్లగ్గుకి అడిగాడు, మంచానికి అడిగాడు, తలుపుకి అడిగాడు, గడియకి కూడా అడుగుతున్నాడు, ఆరోజు అడగలేదనే కదా మాట మానేసింది, ఈసారి ఆయన తనని అడక్కుండా ఒక్క మేకు కొట్టించలేదు, అన్నిటికీ సరేనన్నది తనే.