సెలీనా కొట్టెయ్యని చీటీ

పదకొండో కట్ట విప్పి, పురికొస వేలికి చుట్టి పక్కన పెట్టింది సెలీనా క్లెగ్. అరచేతి వెడల్పు చీటీలు. ఒక్కోదాని మీద ఏదో అచ్చుపుస్తకంలోంచి ఎత్తి రాసిన ఒక్క వాక్యం, కింద రచయిత పేరు, సంవత్సరం, పుట. వారం రోజులుగా ఆమె బల్ల మీద ఉన్న మాట ఒక్కటే: ప్లే. పిల్లలు ఆడుకునేది ఒక కుప్ప. రంగం మీద నాటకం ఒక కుప్ప. పియానో వాయించడం, పేకాట, గాలం మింగిన చేపను అలిసేదాకా లాగి వదలడం, చక్రానికీ ఇరుసుకీ మధ్య ఉండే కాస్త వదులు, నీళ్ల మీద వెలుగు తళతళలాడడం. అలా ముప్పై ఏడు కుప్పలు.

యాభై ఏళ్ల మనిషి. పొట్టి. కుడి బొటనవేలి కొస చీటీలు తిప్పీ తిప్పీ నున్నగా అరిగి గాజుపెంకులా మెరుస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసులో కిటికీకి దూరంగా ఉన్న బల్ల ఆమెది. కిటికీ పక్క బల్లలు కాలేజీల్లో చదివినవాళ్లవి. వాళ్లు అర్థాలు రాస్తారు. ఈమె ఏరుతుంది, పేరుస్తుంది, ఎడిటర్ వద్దన్న చీటీ మీద నీలం పెన్సిలుతో అడ్డగీత కొడుతుంది. గీత పడ్డ చీటీని ప్రెస్సువాళ్లు ముట్టరు. ఎడిటర్లు నీలం పెన్సిలు పట్టరు, అది అక్కడి మర్యాద. వద్దనేది ఒకరు, వేలికి రంగు అంటేది ఇంకొకరికి.

ముప్పై ఎనిమిదో కుప్పలో ఒక్కటే చీటీ. అది ఆమె రాసిందే. ఉత్తరాన ఆమె పుట్టిన నేతపట్టణంలో మగ్గాలు ఆగిపోయి, కూలి లేక ఇంట్లో కూర్చుంటే దాన్నీ ప్లే అనే అంటారు. మా వీధంతా ప్లేలో ఉంది అంటే వీధంతా పస్తులుందని. అమెరికాలో యుద్ధమొచ్చి పత్తి రాకుండా పోయిన ఏడాది ఆమెకు ఆరేళ్లు. పదిహేను నెలలు ప్లేలో ఉన్నారు. తల్లి గడియారం అమ్మింది, మంచం అమ్మింది, చివరికి కాళ్లకున్న బూట్లు అమ్మింది. తమ్ముడు ఈనాక్ ఆ చలికాలం దాటలేదు. ఆ మాట అన్నవాళ్లు వేలమంది. పుస్తకంలో రాసినవాడు ఒక్కడూ ఆమెకు దొరకలేదు. పుస్తకాలు రాసేవాళ్లు ఎన్నడు ప్లేలో ఉన్నారు గనక?

అచ్చు రుజువు లేని అర్థం ఆ ఆఫీసులో అర్థమే కాదు. మా అమ్మ అనేది అంటే చెల్లదు. ఇవాళ నాలుగింటికి కట్ట ప్రెస్సుకు పోతుంది. మళ్లీ ఈ పేజీలు తెరిచేది ఎప్పుడో, ఆమె బతికుండగా మాత్రం కాదు.

పొద్దుటి టపాలో చెల్లెలు మార్తా దగ్గర్నుంచి కవరు వచ్చింది. తల్లి బైబిల్లో నలభై నాలుగేళ్లు దాగిన సూపు టికెట్టు అందులో ఉంది. చర్చివాళ్లు అచ్చేయించింది: "ప్లేలో ఉన్న కుటుంబాలకు మాత్రమే. రోజుకు ఒక ముంత. 1862."

"ఏంటి తల్లీ, లాటరీ తగిలిందా?" అన్నాడు పక్కనే కట్టలు కడుతున్న ముసలి పెర్రిన్.

"అచ్చు తగిలింది."

"ఏదీ... సూపు టికెట్టా. దీన్ని తీసికెళ్లి ఎడిటర్ దొరగారి ముక్కు కింద పెడతావా? ఆయనకి ఆ వాసన పడదు."

"నాకూ పడేది కాదు. అయినా తాగాను."

మధ్యాహ్నం రొట్టె ముట్టకుండా కొత్త చీటీ రాసింది, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. టికెట్టు దానికి పిన్నుతో గుచ్చింది.

మూడుంబావుకు ఎడిటర్ థర్లో వచ్చాడు. మెత్తని మనిషి, ఎవరినీ కసిరి ఎరగడు. కసరకుండానే పనులు జరిగిపోయేవాళ్లు ఉంటారు కదా, వాళ్లలో ఒకడు.

"ఇది పుస్తకం కాదు కదా, మిస్ క్లెగ్."

"అచ్చే కదా సార్."

"రాసిందెవరు? పుట ఏది? సూపు టికెట్టు రుజువుగా పెడితే నవ్వుతారండీ."

"ఎవరు సార్ నవ్వేది?"

ఆయన కట్టను చేత్తో తూచాడు. "చోటు కూడా లేదు," అన్నాడు.

"నీళ్ల మీద వెలుగుకి అయిదు చీటీలున్నాయి. అయిదుగురు కవులూ చూసింది ఆ ఒక్క వెలుగే. ఒకటి తీస్తే ఇది పడుతుంది."

"వాటిలో ఏదీ తియ్యడానికి వీల్లేదు. దీన్ని కొట్టెయ్యండి."

సెలీనా నీలం పెన్సిలు తీసింది. మొన చూసింది. చీటీ మీద అడ్డంగా పెట్టి రెంటినీ ఆయన ముందుకు జరిపింది.

"దీన్ని నేను కొట్టను సార్. మీరు కొట్టండి."

థర్లో చీటీ అంచు పట్టుకుని ఆమె వైపే వెనక్కి జరిపాడు.

"అది మీ పని, మిస్ క్లెగ్."

"అవును సార్. ఇరవై రెండేళ్లు చేశాను."

లేచింది. కోటు తొడుక్కుని, టోపీకి పిన్ను గుచ్చుకుంది. "ఎవరన్నా అడిగితే, సెలీనా క్లెగ్ ఇవాళ్టి నుంచి ప్లేలో ఉందని చెప్పండి."

ఆ మాటకు అర్థమేమిటని థర్లో అడగలేదు. ఏ పుస్తకంలో ఉందనీ అడగలేదు. మెట్ల మీద ఆమె బూట్ల చప్పుడు కిందికి పోయేదాకా ఆగి, "రేపటికి ఇంకో మనిషిని చూడాలి," అన్నాడు పెర్రిన్‌తో. "ఈ లోపు ఇది మీరు కొట్టెయ్యండి."

"నాకు చూపు ఆనదు సార్," అన్నాడు పెర్రిన్, పురికొస చివరని సూదిబెజ్జంలోకి ఒక్క పోటుతో ఎక్కిస్తూ.

నాలుగింటికి ఇంకా రెండు నిమిషాలుందనగా థర్లో నీలం పెన్సిలు తనే పట్టుకున్నాడు. గీత వంకరగా వచ్చింది. వంకరైనా గీత గీతే. వేలమంది పస్తు ఒక్క గీతకు పోయింది, అయిదు వెలుగులూ ప్రెస్సుకు పోయాయి.

తాళం వెయ్యడానికి వచ్చిన పెర్రిన్ ఆమె కుర్చీని బల్ల కిందికి తోశాడు. సిరా అంటకుండా జాకెట్టు చేతుల మీద తొడుక్కునే నల్లగుడ్డ తొడుగులు రెండు గోడ మేకుకు వేలాడుతున్నాయి, మోచేతుల దగ్గర ఇంకా వంగి.