గోడ తడిపే శుక్రవారం

"గోడ తడిపినవా?"

శుక్రవారం పొద్దున వేపపుల్ల నోట్లో ఉండగానే వైకుంఠం అడిగే మొదటి మాట అది. నవాబుల ఏలుబడి, జుమ్మా కాబట్టి కాలేజీకి సెలవు. ఆ పూట ఆయన బావి వెనకాల గోడ దగ్గర భూతద్దం పట్టుకుని నిలబడతాడు. ఆయన వచ్చేసరికి గోడ మీది నాచు పచ్చగా, మెత్తగా విచ్చుకుని ఉండాలి. అందుకని పెళ్లాం వరమ్మ పొయ్యి అంటించకముందే బావిలో చేద వేసి నీళ్లు తోడి, గోడంతా తడిపి వచ్చేది. "ఎండిపోయినదాంట్ల చూసేదేముంటది" అనేవాడు ఆయన. పత్తర్‌గట్టిలో బట్టల దుకాణమున్న ఇంట్లో పుట్టి, దుకాణం తమ్ముడికి వదిలి మొక్కల శాస్త్రం చదివాడు. కాలేజీలో పిల్లల చేత ఆకులు కోయించి చూపించే చిన్న కొలువు. పాతబస్తీ గోడల మీది నాచు గురించి పెద్ద వ్యాసం రాసి లెక్చరరు కావాలని కోరిక. ఈ గోడ మీదున్నదంతా ఒకే జాతి అని ఎప్పుడో తేల్చేశాడు. అందులో ఆయన్ని అనడానికేమీ లేదు, పాపం. ఆయన చూసినప్పుడల్లా గోడ తడిగానే ఉండేది, తడిపింది పెళ్లామే.

ఆ గోడను ఎండలో చూసింది వరమ్మ ఒక్కతే. దుకాణానికి అన్నాలు పంపి, గిన్నెలు తోమి, అత్త నాగమణమ్మ కునుకు తీసేవరకు కాళ్లొత్తి, అప్పుడు వెళ్లి బావి గట్టు మీద కూర్చునేది. మొదట్లో నాచు కోసం కాదు, ఎవరూ పిలవని చోటు అదొక్కటే కాబట్టి వెళ్లేది. ఒకరోజు మొగుడు ఇంట్లో వదిలిపోయిన భూతద్దం ఊరికే పెట్టి చూసింది. ఎండిన నాచులో ఒక గుబురు ఆకుల అంచులు చుట్టిన తమలపాకులా లోపలికి ముడుచుకున్నాయి. పక్కనే ఇంకో గుబురు ఆకులు నలిపిన వత్తిలా మెలితిరిగి కాడను చుట్టేశాయి. కొంగు తడిపి పిండితే రెండూ రెప్పపాటులో విచ్చుకుని ఒక్కలాగే కనిపించాయి. ఎండ తేడా వల్లనేమో అనుకుంది. నీడలో ఉన్న గుబురును మట్టితో సహా పెకలించి ఎండవైపు అతికించింది. వారాలు గడిచినా మెలిపడేది మెలే పడింది, చుట్టుకునేది చుట్టుకునే ఉంది. ఇవి రెండు వేర్వేరు మొక్కలు. ఈ సంగతి లోకంలో తనకొక్కదానికే తెలుసన్న ఊహ రాగానే వరమ్మకు ఒళ్లు ఝల్లుమంది. అత్తగారిది, ఆడబిడ్డలది, దుకాణానిది కానిది ఆ ఇంట్లో ఆమెకు అప్పటిదాకా ఏదీ లేదు.

ఉండబట్టలేక ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడితో చెప్పింది. "గోడ మీద ఒకటి గాదు, రెండున్నయి. ఎండితె ఒకటి చుట్టుకుంటది, ఒకటి మెలివడ్తది."

వైకుంఠం ముద్ద చేతిలో పట్టుకునే తమ్ముడి వైపు తిరిగాడు. "మనింట్ల ప్రొఫెసరమ్మ తేలింది భాయ్. ఇగ పాకురుకు జడలు గూడ ఏస్తది." అందరూ నవ్వారు. "పాకురును చూసుడేందే, గీకి పారెయ్యాలె గని" అంది నాగమణమ్మ. "నేను జారి వడ్డంక చూస్తవా?" ఆనాటి నుంచి ఇంట్లో ఆమెకు ప్రొఫెసరమ్మ అన్న పేరే స్థిరపడింది. చారులో ఉప్పెక్కువైనా ప్రొఫెసరమ్మే, పాలు పొంగినా ప్రొఫెసరమ్మే.

వానలు తగ్గాక ఒకనాడు వైకుంఠం తాంబూలం నములుతూ, "ఏందో అన్నవు గద, ఎండితె అని" అని అడిగాడు. ఆయన అడిగాడన్న సంతోషంలో వరమ్మ అంతా చెప్పేసింది. తమలపాకు, వత్తి, నీడ నుంచి ఎండకు మార్చడం, ఏదీ దాచలేదు. "ఒక్కపారి పగటీలి, నడి ఎండల వచ్చి చూడుండ్రి" అని కూడా అంది. "గంత తీరిక నాకెక్కడిది" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

కార్తీకంలో లక్నో నుంచి ఒక పెద్ద ప్రొఫెసరు సాహెబు వచ్చాడు. ఆయన ఒక్కమాట రాస్తే వైకుంఠానికి లెక్చరరు కొలువు ఖాయం. మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. సాయంత్రం బండికి ఆయన వెళ్లిపోతాడు. వరమ్మ తెల్లారకముందు నుంచి పొయ్యి దగ్గరే ఉంది. ఆ రోజు శుక్రవారమే అయినా, మొట్టమొదటిసారి, గోడ తడపొద్దన్నాడు వైకుంఠం. ఆమెకు మనసు గంతులేసింది. తాను చెప్పింది నమ్మాడు, సాహెబుకు చూపిస్తాడు అనుకుంది.

చాయ తీసుకుని పరదా వెనక్కి వచ్చేసరికి ముందుగదిలో మొగుడి ఉర్దూ వినపడింది. పత్తర్‌గట్టి పక్క గల్లీలో పుట్టిన పిల్లకు ఉర్దూ ఎవరూ చెప్పనక్కర్లేదు.

"రోజూ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ గోడ ముందే కూర్చున్నాను సాహెబ్" అంటున్నాడు వైకుంఠం. "నీడలో మొక్కను ఎండకు మార్చి చూశాను. ఇంట్లో వాళ్లు నవ్వేవారు. ప్రొఫెసర్ అని ఎగతాళి చేసేవారు. నేను పట్టించుకోలేదు."

వరమ్మ చాయ పళ్లెం కింద దించేసింది. నాచును తీసుకుంటే తీసుకున్నాడు, మొగుడన్నాక పెళ్లాం సొమ్ము తనదనుకోవడం ఆమె ఎరగనిదేం కాదు. కానీ ఆ ఎండ, ఆ గట్టు, నలుగురిలో తాను పడ్డ సిగ్గు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన ఏడుపు, అవి కూడా ఆయన తనవేనన్నాడు. ఆ నవ్వు మొదలుపెట్టిన నోరే అది. ఇన్నేళ్లు పక్కన పడుకున్న ఈ మనిషి ఎవరు అనుకుంది వరమ్మ.

ఇద్దరూ పెరట్లోకి నడిచారు. నాచు ఎండి గోధుమరంగుకు తిరిగి ఉంది. సాహెబు సంబరంగా భూతద్దం వైకుంఠం చేతికిచ్చి, ముందు చుట్టుకునేది చూపించు, తర్వాత మెలిపడేది చూద్దాం అన్నాడు. వైకుంఠం వంగాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. ఎండిన నాచును ఆయన చూడటం అదే మొదలు. చెవులు ఎర్రబడ్డాయి. "నీళ్లు తెప్పిస్తాను, విచ్చుకోవడం కూడా చూద్దురు" అని వంటింటి గడప దాకా వచ్చాడు.

"నీళ్లు తే" అన్నాడు పైకి. సాహెబుకు తెలుగు రాదు. గొంతు తగ్గించి అడిగాడు: "చుట్టుకునేది ఎడమ దిక్కుదా, కుడి దిక్కుదా? జల్ది జెప్పు."

వరమ్మ ఆయన మొహంలోకి చూసింది. కొంగు తల మీదికి లాక్కుని, నిండు బిందె నడుముకెత్తుకుని, గోడ దగ్గరికి నడిచింది. పైనుంచి కింది దాకా, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక్క చుక్క మిగలకుండా పోసింది. సాహెబు అరె అంటూ వెనక్కి జరిగాడు. రెప్పపాటులో గోడంతా విచ్చుకుంది, ఒకటే పచ్చన.

"ఏం జేసినవే" అన్నాడు వైకుంఠం. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"శుక్రారం గద, తడిపిన" అంది వరమ్మ. "రేపటికి ఎండుతది. మీరే చూసుకోండ్రి, పగటీలి, ఎండల కూసోని."