కొవ్వొత్తుల బిగువు

ఖాదర్ వలి పోసిన కొవ్వొత్తి నిటారుగా నిలబడుతుందని పర్చూరులో పేరు. మైనంలో తెల్లటి స్టియరిక్ పలుకులు కొలత తప్పకుండా వేస్తాడు. అవి పడితేనే కొవ్వొత్తికి బిగువు. చర్చి పండగ ఊరేగింపుకని ఫెబా మూడు వందల కొవ్వొత్తులు చెప్పింది.

"ఎండలకి వంగాయంటే వచ్చే ఏడాది గుంటూరు నుంచి తెప్పించుకుంటాం బాబాయ్," అని కూడా చెప్పింది.

తీరా సంచి విప్పితే అడుగున గుప్పెడు పలుకులే ఉన్నాయి. నెల నుంచీ సంచి తరుగుతూనే ఉంది. ఎలుకల పనేనని ఖాదర్ వలి బోను పెట్టాడు. ఒక్కటీ పడలేదు.

"ఎర మార్చి చూడండి," అంది భార్య ఖుర్షిదా, తల తిప్పకుండా.

ఉన్న గుప్పెడే వేసి పోశాడు. ఊరేగింపు రోజు మధ్యాహ్నానికి రేకుల షెడ్డు కాగిపోయింది. తలుపు తీసేసరికి మూడు వందల కొవ్వొత్తులూ నడుం వంచి ఆయనకి సలాం చేస్తున్నాయి. బోరు నీళ్లలో ముంచి ఒక్కొక్కదాన్నీ సాపు చేశాడు. నాలుగోది సాపయ్యేసరికి మొదటిది మళ్లీ వంగింది.

అంతలో ఫెబా ఆటో దిగింది. మిరపకాయల తొడిమలు తీసే కూలి ఆమెది. ఎప్పుడూ ఎర్రగా మండిపోయే చేతులు ఇవాళ నున్నగా ఉన్నాయి.

"చేతులకేం రాశావమ్మా?"

"ఖుర్షిదా పిన్ని చేసే స్నో. మా ముఠా అంతా అదే రాస్తాం. ఏవో తెల్ల పలుకులు సోడా నీళ్లలో ఉడికించి, కొబ్బరినూనె పోసి గిలక్కొడుతుంది. మీకు తెలీదా?"

ఖాదర్ వలి వంటింటి వైపు చూశాడు.

"ఎలుక దొరికింది," అన్నాడు.

ఫెబా షెడ్డులోకి తొంగిచూసింది. "ఇవేంటి బాబాయ్, ఇట్టా పడుకున్నాయి?"

"వీటి బిగువంతా మీ ముఠా చేతులకుందమ్మా."

ఫెబా చేతులు కొంగులో దాచుకుంది. ఇక గుంటూరు మాట ఎత్తలేదు.

ఖుర్షిదా కత్తి పట్టుకుని వచ్చింది. "సగానికి కోస్తే వంగవు."

"మరీ పొట్టివైపోవూ?" అన్నాడు ఖాదర్ వలి.

"నేనూ పొట్టిదాన్నే. ఈ నలభై ఏళ్లలో మీ ముందు ఎప్పుడన్నా వంగానా?"

ముగ్గురూ కూర్చుని సాపు చేసి కోశారు. పై కొసలు చెక్కి ఒత్తులు బయటికి తీశారు. ఆరు వందలయ్యాయి. సాయంత్రం చంటిపిల్లల తల్లులకి కూడా చేతికొకటి అందింది. ఒక్కటీ వంగలేదు.

"వచ్చే ఏడాదికీ పొట్టివే పొయ్యండి బాబాయ్," అని కబురు చేసింది ఫెబా.

మర్నాడు ఖాదర్ వలి రెండు సంచుల పలుకులు తెచ్చాడు. ఒకటి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. రెండోదాన్ని వంటింటి గడపలో పెట్టి, పక్కనే బోను ఉంచాడు.