నాలుగు రోజుల ఇన్విజిలేషన్

ఇంటి గొడవ ఫోనెక్కి బడిదాకా రావడమంత దరిద్రం ఇంకోటి లేదని మా లెక్కల టీచర్ అభిప్రాయం. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా భర్త అడుగుతాడు: "ఏమోయ్, నా నీలం సాక్సులెక్కడ?" కాళ్లు ఆయనవే, సాక్సులూ ఆయన అలమరాలోనే ఉంటాయి. మధ్యలో తనెందుకో పదహారేళ్లయినా ఆవిడకి తేలలేదు. ఆయన పెట్టేసిన ఐదు నిమిషాలకి అత్తగారు: "అమ్మాయ్, గ్యాసు కట్టేశావా? నేను వంటింట్లోనే ఉన్నాలే. నువ్వు చెబితే అదో ధైర్యం."

ఏడాదికి నాలుగు రోజులు మాత్రం ఈ బాధ లేదు. హైస్కూల్ ఆఖరి ఏడాది పిల్లలకి రాష్ట్రమంతా ఒకే పరీక్ష, అది గట్టెక్కితేనే సర్టిఫికెట్. పిల్లల గుండెల్లో రాళ్లు పడతాయి, ఆవిడకి ప్రాణం లేచొస్తుంది. ఇన్విజిలేటర్ ఫోను కవర్లో పెట్టి, సీలు వేసి, ఆఫీసులో ఇచ్చెయ్యాలి. చదవకూడదు, రాయకూడదు, మాట్లాడకూడదు. ఆ డ్యూటీ అనగానే తోటి టీచర్లకి నడుంనొప్పులొస్తాయి. ఆవిడ నాలుగు రోజులూ అడిగి మరీ వేయించుకుంటుంది. "మీ త్యాగం గొప్పదండీ" అంటాడు హెడ్మాస్టరు. ఆవిడ కాదనదు. ముప్ఫై కలాల గరగరల మధ్య అటూ ఇటూ నడుస్తూ, ఒక ఆలోచనని మొదలుపెట్టి చివరిదాకా తీసుకెళ్తుంది. పెళ్లికి ముందు తను ఈల బాగా వేసేదని గుర్తొచ్చింది అక్కడే.

మొదటి ఏడాది భర్త విసుక్కున్నాడు. "గవర్నమెంటు రూలండీ" అందావిడ. భార్య కోరికైతే వాదించేవాడే. ప్రభుత్వం కాబట్టి ఊరుకున్నాడు.

మొన్న సర్క్యులర్ వచ్చింది. ఈ ఏడాది నుంచే ఆ పరీక్ష రద్దట. పిల్లలు బల్లలెక్కి గంతులేశారు. బడి మొత్తం మీద మొహం వేలాడేసుకుంది ఆవిడొక్కతే. ఇంటికెళ్లి సంగతి చెబుదామని నోరు తెరిచేలోపు భర్తే అందుకున్నాడు.

"సోమవారం నుంచేగా నీ పరీక్షలు? నువ్వేం కంగారు పడకు. అమ్మా నేనూ సర్దుకుంటాం."

"రూలన్నాక తప్పుతుందా, పాపం" అంది అత్తగారు.

ఆవిడ తెరిచిన నోరు మూసేసింది. మర్నాడు బడిలో నాలుగు రోజులకి సెలవు చీటీ రాసిచ్చింది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇక మీరే దారి చూపించాలి. ఒక ఆడమనిషి పొద్దున తొమ్మిదింటి నుంచి ఒంటిగంట దాకా ఏ పనీ లేకుండా కూర్చుంటే, "ఎవరికోసమండీ?" అని అడగని చోటు మీ ఎరికలో ఎక్కడైనా ఉందా? ఉంటే చెప్పండి బాబూ, మీకు పుణ్యముంటుంది. ఈల వేసినా తిట్టని చోటైతే మరీ మంచిది.